చైనీస్ కథను ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు దేన్ని వదులుకోవచ్చు?

మీరు అడిగినదాన్ని క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను. ఆరేళ్ళుగా చైనీస్ చదువుతున్నారు. 1960 నాటి ఒక పల్లె నేపథ్యంగా సాగే కథను ఇంగ్లీషులోకి అనువదించడం మొదలుపెట్టారు. మూలానికి కట్టుబడి ఉండాలా లేక ఇంగ్లీషు పాఠకుడికి సాఫీగా సాగేలా మార్చుకోవాలా, పాదసూచికలు ఎంతవరకు ఇవ్వవచ్చు, సంపాదకుల జోక్యాన్ని ఎంతవరకు ఒప్పుకోవచ్చు, ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి ఈ పనికి పూనుకోవచ్చా అన్నవి మీ సందేహాలు. కథలో ముసలామె పొరుగువాణ్ణి పలకరిస్తూ అనే ‘ఛ్ర్ ల మా’ అనే మాట దగ్గర ఆగిపోయానని కూడా రాశారు. నేను ఇరవై ఏళ్ళకు పైగా ఈ రెండు భాషల మధ్య పని చేస్తున్నాను కాబట్టి నాకు అనుభవంలో తేలినవి చెబుతాను. ముసలామె మాట సంగతి చివర్లో చూద్దాం, ఎందుకంటే దానికి జవాబు మిగతావాటి మీద ఆధారపడి ఉంది.

విధేయతా, సౌలభ్యమా అని అడిగినంత కాలం జవాబు దొరకదు. ఏది పోతే ఈ రచన ఈ రచనగా మిగలదో ముందు తేల్చుకోవాలి. దాన్ని కాపాడడం కోసం వేటిని పోగొట్టుకోవడానికి సిద్ధపడతామో ఆ తరువాత తేల్చుకోవాలి. చైనాలో అనువాదం గురించి ఎవరు మాట్లాడినా అనువాదకుడు యెన్ ఫూ 1898లో చెప్పిన ‘షిన్, దా, యా’ అనే మూడు మాటలు, అంటే విధేయత, స్పష్టత, సొగసు, సూత్రాల్లా వల్లిస్తారు. కాని బ్రిటిష్ శాస్త్రవేత్త హక్స్లీ వ్యాసాలను చైనీస్‌లోకి తెచ్చిన ఆ పుస్తకం ముందుమాటలో ఆయన వాటిని అనువాదంలోని మూడు కష్టాలుగా పేర్కొన్నాడే తప్ప మూడు నియమాలుగా విధించలేదు. పైగా ఆ అనువాదంలోనే ఆయన మూలాన్ని కావలసిన చోట కుదించి, కావలసిన చోట పెంచి, మధ్యమధ్య సొంత వ్యాఖ్యలు కూడా చేర్చాడు. కాబట్టి ఆ మూడూ ఏకకాలంలో సాధించాలనే భారం నెత్తిన పెట్టుకోకండి.

కవిత్వంతో మొదలుపెడతాను, మీరు కథలే అనువదించదలచినా సరే, ఎందుకంటే చైనీస్‌కూ ఇంగ్లీషుకూ మధ్య ఉన్న దూరం అక్కడే బట్టబయలవుతుంది. ఎనిమిదో శతాబ్దంలో, థాంగ్ వంశం ఏలిన కాలపు కవి వాంగ్ వెయ్ రాసిన నాలుగు పాదాల పద్యం ఒకటుంది. పాదానికి ఐదేసి అక్షరాలు, మొత్తం ఇరవై. మొదటి పాదాన్ని మాటకు మాట పెట్టి చూస్తే ‘ఖాళీ, కొండ, లేదు, కనబడు, మనిషి’ అని ఉంటుంది. చూస్తున్నది ఎవరో లేదు, కొండ ఒకటో పదో తెలియదు, ఎప్పుడు జరిగిందో చెప్పే కాలసూచన లేదు. తెలుగులో ‘ఖాళీ కొండ, మనిషి కనబడడు, మాటల చప్పుడు మాత్రం వినబడుతుంది’ అంటే ఎవరు చూశారు, ఎవరు విన్నారు అని ఎవరూ అడగరు, ఎందుకంటే కనబడడం, వినబడడం అనే క్రియలు చూసేవాణ్ణి పక్కకు తప్పిస్తాయి. ఇంగ్లీషు మాత్రం అడుగుతుంది. అందుకే చాలామంది అనువాదకులు అక్కడ ‘నేను’ను తెచ్చి కొండ మీద కూర్చోబెట్టారు. దాంతో మనిషి లేని చోటు గురించిన పద్యం ఒక విహారయాత్రికుడి డైరీగా మారిపోయింది. ఎలియట్ వైన్‌బర్గర్ 1987లో ఈ ఒక్క పద్యం తాలూకు పందొమ్మిది రూపాలను వరుసగా పేర్చి, ఒక్కొక్కదాన్ని నిర్దాక్షిణ్యంగా పరీక్షించిన చిన్న పుస్తకం వేశాడు. కథలు మాత్రమే అనువదించేవారైనా దాన్ని ముందుగా చదవాలి.

ఆ మొదటి అక్షరం ‘ఖొంగ్’ అంటే ఖాళీ అనే కాకుండా బౌద్ధంలోని శూన్యం కూడా. వాంగ్ వెయ్ భక్తిగల బౌద్ధుడు. తన పేరును, ఉపనామాన్ని కలిపితే విమలకీర్తి అనే బౌద్ధ గృహస్థుడి పేరుకు చైనీస్ రూపం వస్తుంది. మన భాషలో ‘శూన్యం’ అనే ఒక్క మాట ఈ రెండర్థాలనూ మోస్తుంది, ఇంగ్లీషులో అలాంటి మాట లేదు. ఆఖరి పాదంలో నాచు రంగు ‘ఛింగ్’, అది పచ్చనా నీలమా అనే వాదం కూడా ఉంది. ఆకునూ పసుపునూ ఒకే ‘పచ్చ’తో పిలిచే మనకు ఇందులో వింతేమీ కనబడదు. ఇంగ్లీషులో ఒక రంగును ఎంచుకుని ముందుకు సాగడమే మార్గం.

పద్యాల విషయంలో ఛందస్సును బతికించాలా అన్నది మరో పెద్ద చర్చ. పంతొమ్మిదో శతాబ్దపు అనువాదకులు అంత్యప్రాస కోసం మాటలు సాగదీశారు. 1915లో ఎజ్రా పౌండ్, చైనీస్ రాకపోయినా, అమెరికన్ పండితుడు ఫెనొల్లోసా వదిలివెళ్ళిన నోట్సు ఆధారంగా ప్రాసను వదిలేసి దృశ్యాన్ని పట్టుకున్నాడు; ఆ నోట్సులో పక్కపక్కన ఉన్న థాంగ్ కవి లీ బాయ్ పద్యాలు రెండింటిని ఒకటే అనుకుని కలిపేశాడు కూడా. 1918లో ఆర్థర్ వేలీ ఒక్కో చైనీస్ అక్షరానికి ఇంగ్లీషు పాదంలో ఒక్కో ఊనిక అనే లెక్క పెట్టుకుని, ప్రాస లేకుండానే నడకను నిలబెట్టాడు. నాకు వేలీ మార్గమే నచ్చుతుంది. పౌండ్ పద్యాలు గొప్పవే, కాని అవి పౌండ్ పద్యాలు.

ఇక వచనం. చైనీస్ కథకుడు కామాలతో వాక్యాన్ని పొడిగిస్తూ పోతాడు: లేచాడు, చెప్పులు తొడిగాడు, తలుపు తీశాడు, మంచు చూశాడు, మళ్ళీ పడుకున్నాడు, ఇదంతా ఒకే వాక్యం. తెలుగువారికి ఇది సొంత ఇల్లులా ఉంటుంది. ‘లేచి, చెప్పులు తొడిగి, తలుపు తీసి, మంచు చూసి, మళ్ళీ పడుకున్నాడు’ అని క్త్వార్థకాలు గుచ్చుకుంటూ పోవడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. సరిగ్గా ఇక్కడే మనం దెబ్బతింటాం. ఆ ‘ఇ’కారాంత క్రియలన్నిటినీ ఇంగ్లీషులో ‘హావింగ్’తో మొదలయ్యే ముక్కలుగా మార్చడం భారతీయ ఇంగ్లీషుకు అలవాటైన జబ్బు. నా మొదటి అనువాదాల్లో పేజీకి అలాంటివి ఆరేడు ఉండేవి. వాటిని చదివిన సంపాదకురాలు మార్జిన్‌లో ఏమీ రాయకుండా ప్రతి దాని కిందా ఒక చుక్క పెట్టి పంపింది. ఆ చుక్కలు లెక్కపెట్టాక నాకు బుద్ధి వచ్చింది.

దీనికి నేను అనుసరించే పద్ధతి ఇది. కామాల గొలుసులో ఏ పని కోసం మిగతా పనులన్నీ జరుగుతున్నాయో చూస్తాను. పై ఉదాహరణలో అది మళ్ళీ పడుకోవడం. దానికి ఇంగ్లీషులో విడి వాక్యం ఇస్తాను, ముందున్నవాటిని రెండుగానో మూడుగానో గుంపు కడతాను. అయితే రచయిత ఆ పరుగునే శైలిగా వాడుకుంటున్నాడనుకుంటే, ఉదాహరణకు మతి చలించిన మనిషి ఆలోచనను అలా చెబుతున్నాడనుకుంటే, ఇంగ్లీషు వ్యాకరణానికి ఇబ్బందైనా సరే కామాలను ఉంచేస్తాను. చైనీస్ భాష అందరికీ ఇచ్చేదేదో, ఈ రచయిత ప్రత్యేకంగా చేసేదేదో విడదీసి చూడగలగాలి. మొదటిదాన్ని నిస్సంకోచంగా ఇంగ్లీషు దారికి తేవచ్చు, రెండోదాని మీద చెయ్యి వేయకూడదు. దీనికి అడ్డదారి లేదు. అదే కాలపు రచయితలను కనీసం నలుగురైదుగురిని చదివితే తప్ప ఏది భాష, ఏది శైలి అన్నది తెలియదు.

భాషాస్థాయి అనే అంశం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చాలామంది అనువాదాలు చప్పబడేది ఇక్కడే, తెలుగువారికి నిజమైన బలం ఉన్నదీ ఇక్కడే. లూ షున్ 1919లో అచ్చువేసిన ‘కొంగ్ యీజీ’ కథ మీకు తెలిసే ఉంటుంది. పరీక్షలు గట్టెక్కని ఒక బీద పండితుడు, పొడుగు అంగీ తొడుక్కుని కూడా కూలివాళ్ళతో పాటు నిలబడి తాగే ఏకైక మనిషి, పుస్తకాలు దొంగిలించి తన్నులు తింటాడు. జనం ఎగతాళి చేస్తే, పుస్తకాన్ని ‘ఛియె’ చేయడం ‘థౌ’ చేయడం కిందికి రాదని వాదిస్తాడు. రెండు మాటలకూ అర్థం దొంగిలించడమే. మొదటిది గ్రంథాల్లోని మాట, రెండోది వీధిలోని మాట. తెలుగులో ‘గ్రంథాపహరణం దొంగతనం కాదు’ అంటే చాలు, మనవాడెవడైనా పగలబడి నవ్వుతాడు. సంస్కృతానికీ తెలుగుకూ మధ్య ఉన్న ఆ మెట్టు మనకు చెవిలోనే ఉంది. యాంగ్ షియన్‌యీ, గ్లాడిస్ యాంగ్ దంపతులు మొదటి మాటకు ‘టేకింగ్’ అనీ రెండోదానికి ‘స్టీలింగ్’ అనీ పెట్టారు. అందులో తప్పించుకునే తత్వం ఉంది, పాండిత్యపు డాంబికం లేదు. ఇంగ్లీషులో లాటిన్, ఫ్రెంచి వేళ్ళున్న మాటలు మన సంస్కృత పదాల పని చేయగలవు, ‘పర్లాయిన్’ వంటిది ఇక్కడ అతికినట్టు సరిపోతుందని నా అభిప్రాయం. అదే కథలో పిల్లలు చుట్టూ మూగినప్పుడు అతను గిన్నెలోని గింజలను చేత్తో మూసుకుని, ఎక్కువ లేవని కన్ఫ్యూషియస్ సంభాషణల్లోని వాక్యంతో చెబుతాడు. అక్కడ బైబిల్ పాత అనువాదపు నుడికారాన్ని తీసుకురావచ్చు, కాని ఒక్క చిటికెడే. రెండు చిటికెలు వేస్తే తాగుబోతు పండితుడు చర్చి పాస్టరైపోతాడు.

లూ షున్ 1918లో రాసిన పిచ్చివాడి డైరీ కథలో ఈ సంగతి ఇంకా తీవ్రంగా ఉంటుంది. ముందుమాట గ్రాంథిక చైనీస్‌లో ఉంటుంది, డైరీ వాడుక భాషలో ఉంటుంది. లోకమంతా మనుషుల్ని తింటోందని అరిచే పిచ్చివాడు జీవద్భాషలో మాట్లాడుతుంటే, అతనికి జబ్బు నయమై ఉద్యోగం కోసం వెళ్ళాడని చెప్పే పెద్దమనిషి చచ్చిన భాషలో మాట్లాడుతున్నాడు. ఇంచుమించు అదే కాలంలో గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పోరాడిన నేల మనది కాబట్టి, ఆ రెండు భాషల మధ్య ఉన్నది వట్టి వ్యాకరణ భేదం కాదని మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు అనువాదంలో ముందుమాటకు విక్టోరియా కాలపు బిగుసుకున్న వాక్యం, డైరీకి పొట్టి, విరిగిన వాక్యాలు ఇవ్వకపోతే కథలో సగం పోయినట్టే. ఈ కథ విషయంలో నేను వదులుకోలేనిది ఇదే. పేర్లు, తిథులు, ఊళ్ళు కొంచెం అటూ ఇటూ అయినా కథ బతుకుతుంది.

పేర్లు, రంగులు, చుట్టరికాలు అనే మూడు చిక్కులనూ ఒకేచోట చూడాలంటే ‘హొంగ్‌లౌ మెంగ్’ను మించిన పాఠశాల లేదు. పద్దెనిమిదో శతాబ్దంలో త్సావ్ షూయెఛిన్ రాసిన ఈ నవల 1791లో నూట ఇరవై అధ్యాయాలుగా అచ్చయింది. ఇంగ్లీషులో దీనికి రెండు పూర్తి అనువాదాలు దాదాపు ఒకే కాలంలో వచ్చాయి. ఒకటి డేవిడ్ హాక్స్ మొదటి ఎనభై అధ్యాయాలు, ఆయన అల్లుడు జాన్ మిన్‌ఫర్డ్ చివరి నలభై అధ్యాయాలు చేసి 1973 నుంచి 1986 వరకు ఐదు సంపుటాలుగా తెచ్చినది. దీనికోసం హాక్స్ 1971లో ఆక్స్‌ఫర్డ్ ఆచార్య పదవిని వదులుకున్నాడు. రెండోది యాంగ్ దంపతులు బీజింగ్ నుంచి 1978–80లో మూడు సంపుటాలుగా తెచ్చినది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని ఏదో ఒక అధ్యాయం చదవండి, అనువాద శాస్త్రం గురించిన పది పుస్తకాలకు అది సమానం.

రంగు సంగతి చూడండి. ఎరుపు చైనాలో పెళ్ళి రంగు, యౌవనం రంగు, కలిమి రంగు. ఇంగ్లీషులో ఆ భావాలు ఎరుపుకు లేవని, ఆకుపచ్చకూ బంగారు రంగుకూ ఉన్నాయని వాదించి హాక్స్ చాలాచోట్ల ఎరుపును ఆకుపచ్చగా మార్చేశాడు. నాయకుడు పావ్‌యూ నివాసం పేరులో ఎరుపు ఉంటే ఆయన అనువాదంలో ఆకుపచ్చ వచ్చింది. ఆయనకు కొంత ఆధారం లేకపోలేదు. ఆ ఆవరణలో ఎర్రగా పూసే చెట్టూ, పచ్చటి అరటీ రెండూ ఉన్నాయి, అక్కడ రాసిన ఫలకంలో రెండు రంగులూ ఉన్నాయి. రచయిత ఎర్ర సగాన్ని పేరుగా ఎంచుకుంటే హాక్స్ పచ్చ సగాన్ని ఎంచుకున్నాడు. అయినా నా లెక్కలో ఇది మించిన మూల్యం. ఆడపిల్లల పెదవి రంగును నాకాలని తహతహలాడే కుర్రాడి కథలో ఎరుపు అలంకారం మాత్రమే కాదు, కథకు పట్టుకొమ్మ. కుంకుమ, ఎర్రంచు చీర తెలిసిన మన పాఠకుడి కోసమైతే ఈ ప్రశ్నే తలెత్తదు. ఇంగ్లీషు పాఠకుడు కూడా వెయ్యి పేజీలు ఎరుపుతో గడిపితే దాని అర్థాన్ని తనంతట తానే నేర్చుకుంటాడని నేను నమ్ముతాను. పెద్ద పుస్తకం పాఠకుడికి కొత్త భాష నేర్పగలదు, పది పేజీల కథకు అంత వ్యవధి ఉండదు. కాబట్టి ఒకే చిక్కుకు నవలలో ఒక జవాబు, కథలో మరో జవాబు ఉండవచ్చు.

పేర్ల విషయంలో మాత్రం హాక్స్‌కు నమస్కరిస్తాను. యజమానుల పేర్లను ధ్వని ప్రకారం ఉంచి, దాసీల పేర్లను అర్థం ప్రకారం ఇంగ్లీషులోకి మార్చాడు. సన్యాసినులకు లాటిన్ పేర్లు, నాటకాలాడే పిల్లలకు ఫ్రెంచి పేర్లు పెట్టాడు. నాలుగు వందలకు పైగా పాత్రలున్న నవలలో పేరు వినగానే మనిషి ఏ వర్గమో తెలిసిపోతుంది. దీనికీ నష్టం ఉంది: దాసీలు ఇంగ్లీషు వాళ్ళలా, దొరలు చైనా వాళ్ళలా వినబడతారు. ఆ నష్టాన్ని ఆయన తెలిసి భరించాడు. ఒకే మనిషి పేరును ఒకచోట అర్థంతో, మరోచోట ధ్వనితో రాసే అనువాదకుడు తెలియక భరిస్తాడు, పాఠకుడు కూడా అతనితో పాటు భరిస్తాడు. ఇంటిపేరు ముందు రావడం గురించి మనకు చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు వాళ్ళ సౌకర్యం కోసం దాన్ని తిరగేయకండి, ఇప్పుడు చాలామంది తిరగేయడం లేదు.

చుట్టరికం దగ్గర తెలుగు చెవి ఎంత మోసం చేస్తుందో చెబుతాను. పావ్‌యూ ప్రేమించిన తాయ్‌యూ అతని మేనత్త కూతురు, అంటే మనకు మరదలు. చివరికి అతనికి కట్టబెట్టిన పావ్‌ఛాయ్ తల్లి తోడబుట్టినదాని కూతురు, అంటే మన లెక్కలో సాక్షాత్తు అక్క. మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మూలంలో ఇద్దరికీ ‘ప్యావ్’ అనే ఒకే వరస వర్తిస్తుంది, అంటే ఇంటిపేరు వేరైన దాయాది కాని చుట్టాలు, కాబట్టి ఇద్దరూ పెళ్ళికి తగినవారే. ఇంగ్లీషు ‘కజిన్’ వీళ్ళిద్దరినీ, ఒకే ఇంటిపేరున్న పెదనాన్న బిడ్డలనూ కలిపి ఒకే గంపలో వేస్తుంది, దాంతో ఎవరిని చేసుకోవచ్చో ఎవరిని చేసుకోకూడదో పాఠకుడికి అంతుపట్టదు. మనం ఎక్కువ చూస్తాం, వాళ్ళు తక్కువ చూస్తారు, చైనీస్ రెండింటికీ మధ్య ఉంది. వరస కథను నడుపుతున్నచోట ‘మా నాన్న చెల్లెలి కూతురు’ అని ఒక్కసారి విడమరచి, ఆ తరువాత పేరుతోనే పిలిపించడం మేలు. ‘కజిన్ సిస్టర్’ అని మాత్రం పొరపాటున కూడా రాయకండి, అది మన దేశం దాటి వెళ్ళదు.

పాదసూచికల గురించి ఎక్కువ చెప్పేది లేదు. పాఠకుడు ఎవరో తెలిస్తే జవాబు దానంతటదే వస్తుంది. డేవిడ్ టాడ్ రాయ్ ‘చిన్ ఫింగ్ మెయ్’ నవలను 1993 నుంచి 2013 వరకు ఐదు సంపుటాలుగా అనువదించి నాలుగు వేలకు పైగా వివరణలు జోడించాడు; అది పరిశోధకుల కోసం. కోతిరాజు కథను వేలీ 1942లో నూరు అధ్యాయాల్లో ముప్ఫై మాత్రమే తీసుకుని తెస్తే, ఆంథొనీ యూ 1977–83లో మొత్తం నూరూ వివరణలతో తెచ్చాడు. రెండూ తమ తమ పనులు చేశాయి. పత్రికలో వచ్చే కథకు సూచికలు అక్కరలేదు. వివరణను వాక్యంలోనే కరిగించవచ్చు. ఛింగ్‌మింగ్ పండుగ వస్తే ‘సమాధులు ఊడ్చే ఛింగ్‌మింగ్ నాడు’ అంటే సరిపోతుంది. కొన్నిసార్లు దేనికీ లొంగని చోట్లుంటాయి. హాన్ షావ్‌కొంగ్ రాసిన నిఘంటువు రూపంలోని నవలను జూలియా లోవెల్ 2003లో ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు, మాండలికపు శ్లేషల మీదే నిలబడ్డ కొన్ని పదాల వివరణలను రచయిత అనుమతితో వదిలేసింది. వదిలేసిన సంగతి దాచకుండా చెప్పింది కూడా. అలా చెప్పడం పద్ధతి.

నాలుగక్షరాల జాతీయాలు, ‘ఛెంగ్‌యూ’లు, కొత్తవారిని బాగా ఇబ్బంది పెడతాయి. మొద్దుకు కుందేలు గుద్దుకుని చచ్చింది కదా అని, నాగలి పారేసి ఇంకో కుందేలు కోసం ఆ మొద్దు దగ్గరే కాపుకాసిన రైతు కథ నుంచి ఒక జాతీయం వచ్చింది. మాటల్లో దాన్ని వాడేవాడికి కుందేలు కనబడదు, మనం ‘గోడ మీద పిల్లి’ అన్నప్పుడు పిల్లి కనబడనట్టే. అలాంటప్పుడు కుందేలును ఇంగ్లీషులోకి పట్టుకెళ్ళడం మామూలు మాటకు నాటకపు వేషం వేయడమే. కాని పాత్ర ఆ పోలికతో ఆడుకుంటే సంగతి వేరు. ప్రేమలో అసూయపడడాన్ని చైనీస్‌లో ‘వెనిగర్ తాగడం’ అంటారు. ‘హొంగ్‌లౌ మెంగ్’లో ఒక నౌకరు తన యజమానురాలి గురించి చెబుతూ, వేరేవాళ్ళు వెనిగర్ కూజాలైతే ఆవిడ వెనిగర్ గోలెం అంటాడు. అక్కడ అసూయ అని తేల్చేస్తే నౌకరు నోరు నొక్కినట్టే. వెనిగర్ ఉండి తీరాలి, దాని పులుపు అసూయదని తెలిసేలా ముందో వెనకో ఒక మాట చేర్చాలి.

జంటపదాలు కూడా ఇలాంటివే. సొంగ్ కాలపు కవయిత్రి లీ ఛింగ్‌చావ్ ఒక ప్రసిద్ధ గీతాన్ని ఏడు జంటలతో, పద్నాలుగు అక్షరాలతో ఎత్తుకుంటుంది. గలగల, బిక్కుబిక్కు, వెలవెల అనే మాటలున్న భాషలో దానికి దారి ఉంది. ఇంగ్లీషులో జంటలు పిల్లల పాటలా వినబడతాయి కాబట్టి, లిన్ యూతాంగ్ ‘డ’కారంతో మొదలయ్యే ఏడు పొట్టి విశేషణాలను వరుసగా పేర్చాడు. పునరుక్తిని పోగొట్టుకుని మోతను దక్కించుకున్నాడు. యతిమైత్రి ఎరిగిన వారికి ఆ ఎత్తుగడ వెంటనే రుచిస్తుంది.

అంకెల విషయంలో ఒక హెచ్చరిక, నా సొంత పరాభవం నుంచి. చైనీస్ లెక్క పదివేల మీద, ‘వాన్’ మీద నడుస్తుంది. పది వాన్‌లు మనకు లక్ష, వెయ్యి వాన్‌లు కోటి, ‘యీ’ అంటే పది కోట్లు. నేను మనసులో లక్షల్లోకి, అక్కడి నుంచి మిలియన్లలోకి మార్చుకుంటూ పోయి ఒక చారిత్రక కథలో లక్షమంది సైనికులను పది లక్షలు చేసేశాను. అచ్చుకు వెళ్ళే ముందు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు సున్నాలు కాగితం మీద రాసుకుంటాను. రాత్రి ‘మూడో కంగ్’ అంటే పదకొండు నుంచి ఒంటిగంట వరకు. మన జాము మూడు గంటలు, వాళ్ళ కంగ్ రెండు గంటలు. పాత కథల్లో వయసు కూడా పుట్టగానే ఒకటి, కొత్త సంవత్సరం రాగానే ఇంకొకటి లెక్కపెడతారు కాబట్టి పదమూడేళ్ళ పిల్ల నిజానికి పదకొండేళ్ళదే కావచ్చు. అలాంటిచోట ఇంగ్లీషు పాఠకుడు ఏమనుకుంటాడో ఆలోచించండి.

సంపాదకుల జోక్యం గురించి కూడా అడిగారు. ల్యూ త్సిషిన్ ‘మూడు వస్తువుల’ నవల 2006లో పత్రికలో ధారావాహికగా వచ్చినప్పుడు సాంస్కృతిక విప్లవపు దృశ్యాలతో మొదలైంది. 2008లో పుస్తకంగా వచ్చేసరికి ఆ దృశ్యాలు మధ్యకు జరిగాయి. కెన్ ల్యూ 2014లో ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు రచయిత సమ్మతితో వాటిని తిరిగి మొదటికి తెచ్చాడు. ఆ అనువాదానికి 2015లో, వైజ్ఞానిక కల్పనలకు ఇచ్చే హ్యూగో బహుమతి వచ్చింది. మూలం కంటే అనువాదమే రచయిత తొలి ఆలోచనకు దగ్గరగా ఉండడం వింతే. కోత, అమరిక విషయాల్లో నా నియమం ఒక్కటే, రచయితకు తెలియకుండా ఏదీ చేయను. బతికున్న రచయిత కథైతే నమూనాగా కొన్ని పేజీలు చేసి, మిగతాది మొదలుపెట్టే ముందే హక్కులు ఎవరివో కనుక్కుని రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. చైనాలో హక్కులు రచయిత మరణించాక యాభై ఏళ్ళు ఉంటాయి. 1936లో పోయిన లూ షున్ కథల మీద అభ్యాసం చేయడానికి అడ్డేమీ లేదు. పేపర్ రిపబ్లిక్ అనే వెబ్‌సైట్‌లో ఈ పని చేసేవాళ్ళు కలుస్తుంటారు, ఉచితంగా చదువుకోవడానికి కథలు కూడా ఉన్నాయి.

తెలుగు ఇంటి భాషగా ఉన్నవారు ఇది చేయవచ్చా అన్నదానికి నా జవాబు పైన అక్కడక్కడా వచ్చేసింది. సంభాషణల చిత్తుప్రతిని నేను ముందు తెలుగులో పైకి అనుకుంటాను. చైనీస్ వాక్యం చివర వచ్చే ‘పా’, ‘నే’, ‘మా’ వంటి చిన్న మాటల స్వరం ‘లే’, ‘మరి’, ‘కదా’ల్లో వెంటనే పలుకుతుంది. కసురుకున్నాడో బతిమాలాడో తెలిసిపోతుంది. ఆ స్వరం చెవిలో ఉండగానే తెలుగును పక్కన పెట్టి ఇంగ్లీషు రాస్తాను. వారం ఆగి, మూలం చూడకుండా ఇంగ్లీషును గట్టిగా చదువుతాను. ఎక్కడ నాలుక తడబడితే అక్కడ సాధారణంగా తెలుగు దాక్కుని ఉంటుంది.

ఇప్పుడు మీ ముసలామె. ‘ఛ్ర్ ల మా’ అంటే ‘తిన్నావా’ అని. మామూలు రోజుల్లో అది పలకరింపే, మన ‘భోజనమైందా’ లాంటిదే, అడిగినవారు అన్నం పెట్టబోవడం లేదు, జవాబిచ్చినవారు నిజం చెప్పనక్కరలేదు. నేటి షాంఘై కథలో అయితే ‘హలో’ అని తేల్చేసినా నేను అభ్యంతరపెట్టను. కాని మీ కథ 1960లో, మహా కరవు మధ్యలో, సామూహిక వంటశాల మూతపడ్డ పల్లెలో జరుగుతోంది. అక్కడ అలవాటుగా నోట్లోంచి వచ్చిన పలకరింపు వినేవాడి కడుపులోకి నిజమైన ప్రశ్నగా దిగుతుంది, అడిగాక ఆమెకూ అది తెలుస్తుంది. అందువల్ల ‘తిన్నావా’ అన్న ప్రశ్నను ప్రశ్నగానే ఇంగ్లీషులో ఉంచండి. అది పలకరింపు అని పాఠకుడికి ముందే తెలియడానికి, కథ మొదట్లో, కరవు ముదరకముందు దారిలో ఇద్దరు ఎదురైన సన్నివేశంలో అదే మాటను అదే ఇంగ్లీషులో ఒకసారి మామూలుగా వినిపించండి. మీ మూలంలో రెండో పేజీలోనే అలాంటి సందర్భం ఉందని రాశారు, కాబట్టి కొత్తగా చేర్చవలసింది ఏమీ లేదు. పొరుగువాడు జవాబివ్వకుండా పలుగు భుజం మార్చుకున్నాడని రచయిత రాశాడు. దానికి వివరణ ఇవ్వకండి, పలుగు భుజం మారితే చాలు.